మా పాప తుంటి జారిందన్నారు, ఇది ఎంతమందికి వస్తుంది డాక్టరమ్మా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్తే. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా పాపకు 16 నెలలు. 13వ నెలలో నడక వచ్చింది కానీ ఎడమ పక్కకు ఒరిగి ఒరిగి నడుస్తుంటే కొత్త నడక కదా సర్దుకుంటుందిలే అని మా అత్త అన్నది. సర్దుకోలేదు. కడపలో ఎక్స్‌రే తీసి ఎడమ తుంటి గిన్నెలో లేదు, పుట్టినప్పటి నుంచి ఉన్నట్టుంది, మత్తిచ్చి లోపల కూర్చోబెట్టి పిండికట్టు వేయాలి, కుదరకపోతే ఆపరేషన్ అన్నారు. మాది మేనరికం, మేనత్త కొడుకే మా ఆయన. అందుకే అని కొందరు, గ్రహణం రోజు బయట తిరిగినావని కొందరు, పాప ఎదురుకాళ్ళతో ఉందని సిజేరియన్ చేసినప్పుడు కాలు పట్టి లాగినారేమో అని కొందరు, తలా ఒక మాట. మా ఆయన ఫోన్‌లో చూసి ఇది వెయ్యిలో ఒకరికి వస్తుందంట అన్నాడు. ఆ ఒకరు మా పాపే ఎందుకైంది? నాకు ఇప్పుడు ఐదో నెల, ఈ బిడ్డకు కూడా వస్తుందా? పుట్టినప్పుడే ఎందుకు పట్టుకోలేదు?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట, తప్పు నీది కాదు, మీ అత్తది కాదు, ఆ సిజేరియన్ చేసినవాళ్ళది కూడా కాదు. ఇది ఓదార్పుకి చెప్పే మాట కాదు, ఎందుకు కాదో కింద లెక్కతో సహా చెప్తాను, ఓపిగ్గా చదువు, మీ ఆయనకి కూడా చదివి వినిపించు.

మీ పాపకు వచ్చినదాన్ని డాక్టర్లు డీడీహెచ్ అంటారు. తుంటి దగ్గర తొడ ఎముక పైభాగం బంతిలా ఉంటుంది, అది నడుము ఎముకలో ఉన్న గిన్నెలో కూర్చుని తిరగాలి. కొందరు పిల్లల్లో ఆ గిన్నె లోతు తక్కువగా ఉంటుంది, కొందరిలో బంతి సగం బయటికి జారుతుంది, కొందరిలో పూర్తిగా బయటే ఉండిపోతుంది. ఇవన్నీ ఒకే జబ్బులో రకరకాల మెట్లు, మీ పాపది చివరి మెట్టు. విచిత్రం ఏంటంటే పిల్లకు నొప్పి ఉండదు, ఏడవదు, నడక కూడా మరీ ఆలస్యంగా రాదు, అందుకే ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు. మీ అత్త సర్దుకుంటుందిలే అన్నదంటే ఆమె అజాగ్రత్త మనిషని కాదు, ఈ జబ్బు అట్లా మోసం చేస్తుంది.

ఇప్పుడు మీ ఆయన చూసిన వెయ్యిలో ఒకరు అన్న లెక్క దగ్గరికొస్తాను, ఎందుకంటే నీ బాధంతా ఆ ఒకరు అన్న మాట దగ్గరే ఉంది.

ఆ లెక్క అబద్ధం కాదు, కానీ ఎప్పుడు చూశారు, ఎట్లా చూశారు అన్నదాన్ని బట్టి మారిపోయే లెక్క అది. ఇంగ్లాండ్‌లో బార్లో అనే ఎముకల డాక్టర్ 1962లో ఒక పేపర్ రాశాడు, పుట్టిన పిల్లల తుంట్లు చేత్తో కదిపి చూసే పరీక్ష ఒకటి ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. ఆయన లెక్క ప్రకారం పుట్టగానే చూస్తే ప్రతి 60 మందిలో ఒక బిడ్డకు తుంటి వదులుగా ఉంది, అంటే వెయ్యికి పదహారు మంది పైనే. వాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి, అంటే నూటికి 60 మందికి పైగా, మొదటి వారంలోనే ఏ వైద్యం లేకుండా గట్టిపడిపోయింది. రెండు నెలలు వచ్చేసరికి నూటికి 88 మంది బాగైపోయారు. మిగిలింది వెయ్యికి ఇద్దరు. చూశావా, అదే పిల్లలు, అదే ఆస్పత్రి, పుట్టిన రోజు లెక్కపెడితే పదహారు, రెండు నెలలకు లెక్కపెడితే రెండు. అదే చేత్తో కాకుండా అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే కొంచెం లోతు తక్కువున్న గిన్నెలు కూడా కనబడతాయి కాబట్టి ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక దేశంలో ఎక్కువ, ఇంకో దేశంలో తక్కువ అని చదివినప్పుడల్లా వాళ్ళు ఏ వయసులో ఏ పరీక్షతో చూశారు అని అడగాలి, లేకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

అయితే దేశాల మధ్య నిజమైన తేడా కూడా ఉంది, అది చాలా పెద్ద తేడా. ప్రపంచమంతా వచ్చిన లెక్కలు కలిపి 2011లో చూసినవాళ్ళు ఆఫ్రికాలో ఉన్న ఆఫ్రికన్ పిల్లల్లో వెయ్యికి 0.06 నుంచి అమెరికాలోని ఆదివాసీ పిల్లల్లో వెయ్యికి 76 దాకా ఉందని రాశారు. రక్తంలో వచ్చే తేడా కొంత, పసిపిల్లల్ని ఎట్లా పట్టుకుంటారు ఎట్లా చుడతారు అన్నది కొంత. అమెరికాలో నవాహో అనే తెగవాళ్ళు పూర్వం బిడ్డను కాళ్ళు నిటారుగా కలిపి చెక్క పలకకు కట్టి ఉంచేవాళ్ళు, వాళ్ళలో ఈ జబ్బు చాలా ఎక్కువ. ఆఫ్రికాలో తల్లులు బిడ్డను వీపు మీద కాళ్ళు ఎడంగా పెట్టి కట్టుకుంటారు, వాళ్ళలో దాదాపు లేదు. జపాన్ సంగతి అన్నిటికంటే బాగా అర్థమవుతుంది, అక్కడ పసిపిల్లల కాళ్ళు సాగదీసి గుడ్డలో గట్టిగా చుట్టే అలవాటు ఉండేది, అప్పుడు నూటికి ఒకటి నుంచి మూడున్నర దాకా ఈ జబ్బు ఉండేది. 1975 ప్రాంతంలో దేశమంతా అమ్మమ్మలకు నాయనమ్మలకు సహా చెప్పారు, కాళ్ళు సాగదీయొద్దు, వంచుకుని ఆడించుకోనివ్వండి అని. తర్వాత అది నూటికి 0.2 కంటే కిందికి వచ్చింది. మందులు లేవు, ఆపరేషన్లు లేవు, చుట్టే పద్ధతి మార్చారు అంతే. పిల్లల డాక్టర్‌గా నాకు బాగా నచ్చే విషయాల్లో ఇది ఒకటి.

మన దేశంలో ఒక్కో ఆస్పత్రి నుంచి వచ్చిన లెక్క ఒక్కోలా ఉంది, వెయ్యికి ఒకటి దగ్గర్నుంచి తొమ్మిది దాకా రాశారు. అన్నిటికంటే తక్కువ లెక్కే తీసుకుందాం, వెయ్యికి ఒక్కటి. దేశంలో ఏడాదికి రెండు కోట్లకు పైగా పిల్లలు పుడతారు, అంటే ఏటా ఇరవై వేలమందికి పైగా. వెయ్యికి ఒకటి అంటే మీ పల్లెలో మీకు ఒక్కరికే వచ్చినట్టు ఉంటుంది కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు అంతా కలిపి చూస్తే ఇట్లాంటి బిడ్డల తల్లులు నీలాగే రాత్రిళ్ళు ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటారు.

ఇంక అసలు విషయం. వెయ్యికి ఒకటి అన్నది అందరు పిల్లల్నీ కలిపి తీసిన సగటు. మీ పాప లెక్క అది కాదమ్మా. నీ ఉత్తరంలో నువ్వు ఎవరో అన్న మాటగా రాసేసి వదిలేసిన ఒక ముక్క ఉంది, పాప ఎదురుకాళ్ళతో ఉంది అని. నాకు ఆ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. కడుపులో తల కిందికి తిరగకుండా పిర్రలు కిందికి పెట్టి కాళ్ళు మడిచి లేదా సాచి కూర్చున్న బిడ్డకు తుంటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. దానికి తోడు ఆడపిల్ల, ఆడపిల్లలకు ఇది మగపిల్లలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ, కాన్పు ముందు తల్లి ఒంట్లో కీళ్ళను వదులు చేసే హార్మోన్లు ఆడబిడ్డ మీద ఎక్కువ పనిచేస్తాయని అనుకుంటారు. దానికి తోడు తొలిచూలు, మొదటిసారి కాబట్టి గర్భసంచి బిగుతుగా ఉండి బిడ్డకు తిరగడానికి చోటు తక్కువ. ఎడమ తుంటి అన్నావు, అది కూడా మామూలే, సగం కంటే ఎక్కువమందికి ఎడమ వైపే వస్తుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2000లో ఇచ్చిన సూచనల్లో చూస్తే ఎదురుకాళ్ళతో ఉన్న ఆడపిల్లల్ని పుట్టగానే పరీక్ష చేస్తే వెయ్యికి 100 మందికి పైగా తుంటిలో తేడా కనబడుతుంది. అందులో చాలామందికి తర్వాత సర్దుకుంటుంది, అది వేరే విషయం. కానీ నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే, వెయ్యిమందిలో దేవుడు మీ పాపనే వెతికి పట్టుకోలేదు, మీ పాప ఉన్నదే పదిమందిలో ఒకరికి అనుమానం వచ్చే గుంపులో.

మేనరికం గురించి. మేనరికంలో పుట్టిన పిల్లలకు కొన్ని జబ్బులు ఎక్కువ వస్తాయన్నది నిజమే, ఆ మాట నేను దాచను. కానీ తుంటి జారడానికి డాక్టర్లు చూసే పెద్ద కారణాల్లో మేనరికం లేదు. ఎదురుకాళ్ళు, ఆడబిడ్డ, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇదే జబ్బు ఉండటం, ఉమ్మనీరు తక్కువ ఉండటం, ఇవీ చూసేవి. మీ ఇద్దరి వైపు ఎవరైనా చిన్నప్పటి నుంచి ఒరిగి నడిచే మేనత్తలో జేజిలో ఉన్నారా, వయసు రాకముందే తుంటి అరిగి ఇబ్బంది పడ్డవాళ్ళు ఉన్నారా అని అడిగి చూడు, అది పనికొచ్చే సమాచారం. గ్రహణానికి దీనికి ఏ సంబంధం లేదు. సిజేరియన్‌లో కాళ్ళు పట్టి తీయడం అన్నది ఎదురుకాళ్ళ బిడ్డను తీసే పద్ధతే, దానివల్ల గిన్నె లోతు తగ్గదు, బిడ్డ నెలల తరబడి లోపల కూర్చున్న తీరు వల్ల తగ్గుతుంది.

మరి పుట్టినప్పుడే ఎందుకు పట్టుకోలేదు అన్నావు. నీకు కోపం ఉండటం న్యాయమే. పుట్టిన రెండు మూడు రోజుల్లో బిడ్డ తొడలు వంచి పక్కకు తెరిచి చూడాలి, జారిన బంతి టక్కున లోపలికి పోతున్నట్టు చేతికి తెలుస్తుంది. కానీ బిడ్డ ఏడుస్తూ కాళ్ళు బిగబట్టుకుంటే అది తెలియదు, చెయ్యి తిరిగినవాళ్ళకు కూడా కొన్ని తప్పిపోతాయి, కొందరు పిల్లలకు పుట్టినప్పుడు బాగానే ఉండి తర్వాత నెలల్లో జారుతుంది. రెండు మూడు నెలలు దాటితే కండరాలు బిగుసుకుని ఆ టక్కుమనే గుర్తు పోతుంది, అప్పుడు తొడ ఒక వైపు పూర్తిగా తెరుచుకోకపోవడం, వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు వంచితే ఒక మోకాలు కిందికి కనబడటం, తొడ మడతలు రెండు వైపులా ఒకేలా లేకపోవడం, ఇట్లాంటివి చూడాలి. బ్రిటన్‌లో పుట్టిన ప్రతి బిడ్డ తుంటిని మూడు రోజుల్లోపు ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇంకోసారి చూసే ఏర్పాటు ఉంది, అయినా వెయ్యికి ఒకటికి పైగా పిల్లలకు ఏడాది దాటాకే బయటపడుతోందని 2019లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. ఆస్ట్రియాలో 1992 నుంచి ప్రతి బిడ్డకూ తుంటి స్కాన్, అంటే పైన చెప్పిన అల్ట్రాసౌండే, చేస్తున్నారు, జర్మనీలో 1996 నుంచి, అక్కడ పెద్ద ఆపరేషన్లు బాగా తగ్గాయి.

మన దగ్గర కూడా కాగితం మీద దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే తొమ్మిది లోపాల జాబితాలో ఈ తుంటి జబ్బు పేరు కూడా ఉంది, గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపాల పక్కనే. మన దేశపు పిల్లల ఎముకల డాక్టర్లు పిల్లల డాక్టర్లతో కలిసి ఈ మధ్య ఇచ్చిన సూచనల్లో కూడా ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డకు, ఇంట్లో ఈ జబ్బు ఉన్న బిడ్డకు ఆరు వారాలప్పుడు తుంటి స్కాన్ చేయమన్నారు. ఆరు వారాలంటే నెలన్నర టీకా వేయించుకునే రోజే, ఎట్లాగూ బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పోతాం. ఇన్నేళ్ళుగా పిల్లల్ని చూస్తున్న మనిషిగా నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే, ఎదురుకాళ్ళ బిడ్డ డిశ్చార్జి కాగితం మీద ఆరు వారాలకు తుంటి స్కాన్ చేయించండి అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వాలి, ఆ ఒక్క లైను లేక మీలాంటివాళ్ళు ఏడాది పోగొట్టుకుంటున్నారు. ఆరు నెలల లోపు తెలిస్తే పావ్లిక్ బెల్ట్ అని మెత్తటి పట్టీలు కట్టి కాళ్ళు వంచి ఎడంగా ఉంచితే చాలు, నూటికి తొంభై మందికి దగ్గర దగ్గర దాంతోనే బాగైపోతుంది.

ఇప్పుడు మీ పాప సంగతి. 16 నెలలు అంటే ఆలస్యమే కానీ మంచి వయసే, భయపడకు. మీ డాక్టర్ చెప్పిన దారి సరైనదే. ఏడాదిన్నర లోపు అయితే చాలామందికి మత్తిచ్చి, రంగు మందు పెట్టి చూసి, కోయకుండానే బంతిని గిన్నెలో కూర్చోబెట్టడానికి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తెరిచి కూర్చోబెడతారు. ఏడాదిన్నర దాటేకొద్దీ కోసి చేయాల్సిన అవసరం, గిన్నె ఎముకను కోసి తిప్పే ఆపరేషన్ అవసరం పెరుగుతాయి. అందుకే జాతరయ్యాక చూద్దాం, కోతలయ్యాక చూద్దాం అని వాయిదా వేయొద్దు, ఇక్కడ నెలలు విలువైనవి. నూనె పెట్టి నాటు వైద్యుడితో తుంటి ఎక్కించుకుందాం అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు, బలంగా లాగితే బంతికి రక్తం అందే నాళాలు దెబ్బతిని ఎముక చచ్చుబడుతుంది, తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. అట్లాగే ఏ నొప్పీ లేదు కదా అని వదిలేయడం కూడా కుదరదు, వదిలేస్తే కాలు పొట్టిగా కనబడుతుంది, నడక ఒరుగుతూనే ఉంటుంది, పెద్దయ్యాక తుంటి తొందరగా అరిగిపోతుంది, నడుము నొప్పి పట్టుకుంటుంది.

పిండికట్టు పొట్ట దగ్గర్నుంచి కాళ్ళ దాకా ఉంటుంది, మొత్తం మూడు నెలల దాకా ఉంచుతారు, మధ్యలో మళ్ళీ మత్తిచ్చి మారుస్తారు. చూస్తే గుండె చెరువవుతుంది కానీ పిల్లలు పదిరోజుల్లో అలవాటు పడిపోతారు, పెద్దవాళ్ళకే కష్టం. నువ్వు ఐదో నెల మనిషివి, ఆ కట్టుతో పాప బరువు బాగా పెరుగుతుంది, నువ్వు ఎత్తొద్దు. మీ ఆయన, మీ అత్త, మీ అమ్మ వంతులేసుకుని ఎత్తాలి, ఇది ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. చిన్న సైజు డైపర్‌ను పిండికట్టు అంచు లోపలికి దోపి, దాని మీద పెద్ద సైజు డైపర్‌ను పిండికట్టు పైనుంచి వేయాలి, లేకపోతే ఒంటేలు లోపలికి పోయి వాసన, పుండ్లు. కట్టు లోపల పౌడర్ చల్లొద్దు, దురద అని పుల్ల దూర్చొద్దు, అన్నం మెతుకులు లోపల పడకుండా తినిపించేటప్పుడు గుడ్డ కప్పండి. మన ప్రొద్దుటూరు ఎండలకు లోపల చెమట పట్టి పిల్ల చిరాకు పడుతుంది, ఫ్యాను కింద నీడలో ఉంచి రెండు మూడు గంటలకోసారి బోర్లా వెల్లకిలా తిప్పుతూ ఉండండి. కాలివేళ్ళు నీలంగా, చల్లగా, ఉబ్బినట్టు ఉన్నా, పిల్ల వేళ్ళు కదపకపోయినా, జ్వరం వచ్చినా, కట్టులోంచి చెడు వాసన వచ్చినా ఆ రోజే చూపించండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఖర్చు సంగతి నువ్వు రాయలేదు కానీ మనసులో ఉంటుందని తెలుసు. కడప రిమ్స్‌కి పోయి పిల్లల ముందస్తు చికిత్సా కేంద్రం, డీఈఐసీ అంటారు, అక్కడ పాప పేరు రాయించండి, బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎక్కడ చేయిస్తారో వాళ్ళు చెప్తారు. ప్రైవేటుకు పోతే ముందు అక్కడున్న ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ ఆపరేషన్ వస్తుందా అని కార్డు చూపించి అడగండి, డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు. చేసే డాక్టర్ పిల్లల ఎముకల మీద ప్రత్యేకంగా పనిచేసినవారైతే మంచిది, కడపలో లేకపోతే కర్నూలుకో తిరుపతికో రాసిమ్మని అడగడానికి మొహమాటపడొద్దు.

చివరగా కడుపులో ఉన్న బిడ్డ. తల్లిదండ్రులకు లేకుండా ఒక బిడ్డకు వచ్చిన ఇళ్ళల్లో తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఆరు అని 1970లో బ్రిటన్‌లో లెక్కకట్టారు, ఇప్పటికీ డాక్టర్లు అదే చెప్తారు. మీ ఇద్దరిలో ఒకరికి కూడా ఉందని తేలితే అది ఇంకా పెరుగుతుంది, అందుకే పైన జేజిల గురించి అడగమన్నాను. నూటికి ఆరు అంటే నూటికి తొంభై నాలుగు మందికి రాదని కూడా అర్థం. కానీ రాదులే అని కూర్చోవద్దు, ఈ బిడ్డ తల కిందికే ఉన్నా, మగబిడ్డే అయినా సరే, అక్కకు ఉంది కాబట్టి స్కాన్ చేయించాల్సిందే. కాన్పు కోసం ఆస్పత్రిలో చేరేటప్పుడే మొదటి పాపకు తుంటి జారింది అని కేస్ షీట్‌లో రాయించు, పుట్టగానే పిల్లల డాక్టర్‌తో తుంట్లు చూపించు, నెలన్నరకు స్కాన్ చేయించు. ఎక్స్‌రే ఆ వయసులో పనికిరాదు, ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, నాలుగైదు నెలలు దాటాకే ఎక్స్‌రే. ఇంకోటి, మన ఇళ్ళల్లో స్నానం పోసే పెద్దామె నూనె రుద్దేటప్పుడు రెండు కాళ్ళూ కలిపి నిటారుగా లాగడం, చీలమండలు పట్టుకుని తలకిందులుగా ఊపడం, సాంబ్రాణి పట్టాక కాళ్ళు సాగదీసి గుడ్డలో బిగించి చుట్టడం ఉంటుంది, ఆ మూడూ వద్దని ముందే చెప్పు, ఆమెను నొప్పించకుండా డాక్టరమ్మ వద్దన్నది అని నా మీద పెట్టి చెప్పు. నూనె రుద్దడం మానక్కర్లేదు, చేతులు చుట్టుకోవచ్చు, కాళ్ళు మాత్రం వంచుకుని తన్నుకునేలా వదులుగా ఉండాలి. మెడ నిలిచాక మన అవ్వలు ఎత్తుకున్నట్టే చంకన రెండు కాళ్ళూ చెరో పక్కన వేసి ఎత్తుకోండి, తుంటికి అంతకంటే మంచి భంగిమ లేదు.

కాన్పు తేదీ చెప్పగానే ఆ తేదీకి ఆరు వారాలు కలిపి గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టించు, ఆ రోజు టీకాతో పాటు స్కాన్ చీటీ కూడా అడగండి. పాప ఎక్స్‌రేలు, కాగితాలు అన్నీ ఒక కవర్‌లో పెట్టి దాయండి, తమ్ముడికో చెల్లికో చూసే డాక్టర్‌కి కూడా అవి కావాలి.